పందులు కావు సార్, గినీ పిగ్‌లు: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలతో,

ఇది మీకు నేను రాస్తున్న మూడో ఉత్తరం. మొదటి రెండూ అందాయి, రిజిస్టర్డ్ పోస్టు రసీదులు నా దగ్గరున్నాయి. జవాబు రాలేదు గనక ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

గినీ పిగ్ అంటే పంది కాదు, ఇళ్లలో ముద్దుగా పెంచుకునే, ఎలుక జాతి చిన్న జంతువు. కిందటి శ్రావణంలో కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాను. 'గినీ పిగ్‌ల వెనక కాళ్లు పడిపోతున్నాయి, వాటిని అమ్మే దుకాణాలు తనిఖీ చేయించండి' అని గుండ్రంగా రాశాను. కంప్యూటర్ దగ్గరి అబ్బాయి రసీదు ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే 'సమస్య: పందుల బెడద' అని ఉంది. అర్జీ మీ శాఖకు కాక మున్సిపాలిటీకి వెళ్లింది. పదకొండో రోజున ఇద్దరు మనుషులు వల, తాడు పట్టుకుని మా వీధిలోకొచ్చి 'పందులెక్కడ మాస్టారూ?' అన్నారు. వరండాలో అట్టపెట్టెలో, పాత తువ్వాలు మీద పడుకున్న అరకిలో ప్రాణిని చూపించాను. పెద్దాయన వంగి చూసి, 'అయ్యో, దీన్నేం పట్టుకుంటాం సార్, పాపం నడవనే లేదు కదా' అన్నాడు. నా అర్జీ అర్థమైన ప్రభుత్వ మనిషి ఇప్పటిదాకా ఆయనొక్కడే. మర్నాడు ఫోన్‌కు మెసేజ్: 'మీ సమస్య పరిష్కరించబడింది.'

మా అమ్మాయి పుట్టినరోజుకు రెండు కొన్నాం. చిట్టి, బంటి. దుకాణం గోడకు దేవుడి పటం ఉంది, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేదు. 2018 పెట్ షాప్ నిబంధనల గురించి మీకు నేను చెప్పేదేముంది! దుకాణదారు కుందేళ్ల దాణా ప్యాకెట్ చేతిలో పెట్టి, 'ఇదొక్కటి చాలు' అన్నాడు. నెల తిరక్కుండానే బంటి గెంతడం మానేసింది. ఎత్తుకోబోతే కీచుమనేది. ఒకరోజు పొద్దున్నే మా అమ్మాయి కేక విని వెళ్తే, ముందు కాళ్లతో పాకుతూ, వెనక కాళ్లు తడిగుడ్డలా ఈడ్చుకుంటూ గిన్నె దగ్గరకు వస్తోంది. సగం దూరంలో ఆగిపోయింది. గిన్నె మేమే జరిపాం.

పశువుల ఆసుపత్రి డాక్టరు గారు మంచివారే. బయట గేదెలు, పొట్టేళ్లు వరుసలో ఉన్నాయి. 'ఇవి మాకు అలవాటు లేదు మాస్టారూ, హైదరాబాద్ తీసుకెళ్లండి' అని, ఉత్త చేతులతో పంపలేక కాల్షియం చుక్కలు రాశారు. సంచార వైద్యం వాళ్లకు ఫోన్ చేస్తే 'గేదా, మేకా?' అన్నారు. రెండూ కాదనగానే పెట్టేశారు. నాలుగో రోజు బంటి పోయింది. అప్పటికే చిట్టి కూడా కుంటుతోంది.

చివరికి ఒక ప్రైవేటు డాక్టరు వీడియో కాల్‌లో చూసి ఒకటే ప్రశ్న వేశారు. 'విటమిన్ సి ఏం పెడుతున్నారు?'

సార్, నేను బయాలజీ టీచర్‌ని. విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు స్కర్వీ గురించి పదో తరగతికి ఏటా పాఠం చెబుతాను. మనిషిలాగే గినీ పిగ్ కూడా విటమిన్ సిని ఒంట్లో తయారుచేసుకోలేదు. కుందేలు చేసుకోగలదు, కాబట్టి కుందేళ్ల దాణా దీనికి చాలదు. రెండు మూడు వారాలు అందకపోతే కీళ్లలో రక్తం చిమ్మి, నొప్పికి కదలడమే మానేస్తుంది. 1907లోనే నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు స్కర్వీని ప్రయోగశాలలో చూపించింది ఈ జంతువు మీదే. ఆ వార్త మా దుకాణం దాకా రావడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో!

కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు, అంతే. చిన్న జామ ముక్కో, క్యాప్సికం ముక్కో చాలు. మా పెరట్లో జామచెట్టు కిందే ఆ బోను పెట్టాం. కాయలు రాలి రేకు మీద దబదబా పడుతుంటే, బెదురుతున్నాయని బోనును చెట్టుకు దూరంగా జరిపింది నేనే.

విటమిన్ సి చుక్కల మందు పడ్డాక మూడు వారాలకు చిట్టి లేచింది. ఇప్పటికీ ఎడమ కాలు కాస్త వంకరే.

అన్ని కాళ్ల జబ్బులూ దీనివల్లే అనడం లేదు. తీగ జాలీ మీద నిలబడి పాదాలు పుండ్లు పడతాయి, పిల్లల చేతుల్లోంచి జారి వెన్ను దెబ్బతింటుంది. అవి కూడా కొనేవాడికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. నేనడిగేది సగం పేజీ కాగితం. తెలుగులో, ప్రతి దుకాణంలో, అమ్మిన ప్రతి జంతువుతో పాటు. దాని మీద మీ ఫోటో పెద్దదే వేయించుకోండి, కాదనను. కింద 'రోజూ చిన్న జామ ముక్క' అని రాసేంత చోటు మిగిల్చండి చాలు. దుకాణాలను తనిఖీ చేయించండి. జిల్లాకు ఒక్క డాక్టరుకైనా ఈ చిన్న ప్రాణుల వైద్యంలో శిక్షణ ఇప్పించండి. ముందు ఆ దుకాణాలను తనిఖీ చేయించండి, సార్.

వచ్చే సోమవారం మళ్లీ అర్జీ పట్టుకుని వస్తున్నాను. ఈసారి 'పిగ్' అన్న మాట రాయను. ఏ పేరు రాస్తే మీ శాఖకు చేరుతుందో, ఆ ఒక్కటీ చెప్పించండి.

ఇట్లు,
పందుల బెడద అర్జీదారు