సంత పాట షరతుల్లో నీళ్లతొట్టి కూడా రాయండి

సంపాదకులు గారికి,

మార్చి వస్తోందంటే పంచాయతీల్లో సంత ఆశీలు, అంటే సంతకొచ్చిన వాళ్ల దగ్గర రుసుం వసూలు చేసుకునే హక్కు, వేలం హడావిడి మొదలవుతుంది. పాట ఎంతకి వెళ్లింది, కిందటేడు కన్నా ఎంత పెరిగింది, ఎవరు దక్కించుకున్నారు అన్నదే వార్త. మీ జిల్లా పేజీలోనూ అంతే వస్తోంది. ఆ డబ్బు కట్టే రైతుకి, అతని పశువుకి సంతలో ఏం దొరుకుతోందన్నది ఎవరికీ పట్టడం లేదు. గేదెలు మేపుకుని బతికేవాణ్ణి కాబట్టి పశువుల సంత గురించే రాస్తున్నాను.

ఏప్రిల్ 1న వేలంలో గెలిచిన కొత్త పాటదారు వస్తాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే గోదావరి డెల్టా కాలువలు కట్టేస్తారు. మిగతా కాలంలో పశువుని పక్క కాలువకి తోలి నీళ్లు పెట్టుకోవచ్చు. జూన్‌లో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి మళ్లీ నీళ్లు వదిలేదాకా ఆ దారీ ఉండదు. గేదెకి చెమట పట్టేది తక్కువ, పైగా నల్లటి తోలు. ఎండకి ఆవు కన్నా ముందు సొమ్మసిల్లేది అదే. పాడి గేదె వేసవిలో రోజుకి 60, 70 లీటర్లకు తక్కువ తాగదు. తెల్లారుజామున ఇంటి దగ్గర బయల్దేరిన గేదె మధ్యాహ్నం బేరం తెగేదాకా గుంజకి కట్టేసి ఉంటుంది. టీ కొట్టు వాణ్ణి బతిమాలితే ఒక బకెట్టు నీళ్లు. తలకింత అని ఆశీలు కట్టించుకునే మనిషి మాత్రం దారిలో కుర్చీ వేసుకుని గొడుగు కింద కూర్చుంటాడు. సంత మొత్తానికి ఉన్న నీడ అదొక్కటే.

ఇక బండి ఎక్కించడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ముందు ఒకడు పలుపు లాగుతాడు, వెనక ఇంకొకడు తోక మెలిపెడతాడు. ముందు కాళ్లు బండి తొట్టి అంచు మీద జారి గేదె మోకాళ్ల మీద పడుతుంది. నిండు చూడి గేదెనైనా అంతే, దించేటప్పుడు దూకించడమే. బండి తొట్టి ఎత్తుకి మట్టి పోసి ఒక వాలు దిబ్బ కడితే ఈ బాధ ఉండదు. పంచాయతీకి ఎంత ఖర్చని? లారీలో ఆరు పశువులకి మించి ఎక్కించకూడదని 1978 నాటి రవాణా నిబంధనల్లో ఉంది. పాటించేవాళ్లని నేనైతే చూడలేదు.

తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని రేటు చెప్పుకోవడం మీద నాకు కోపం లేదు, అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. పళ్లు చూసి వయసు చెప్పగలిగే పెద్దలూ ఉన్నారు. మోసం జరిగేది పొదుగు దగ్గర. ముందు రోజు సాయంత్రం పాలు తియ్యకుండా తోలుకొస్తే పొదుగు బిగిసి, పూటకి ఆరు లీటర్లు ఇచ్చేదానిలా కనిపిస్తుంది. ఇంటికెళ్లాక మూడే. అడుగుదామంటే అమ్మినవాడు ఎవరో, ఏ ఊరో తెలియదు. ఆశీలు రశీదులో డబ్బు అంకె తప్ప ఇంకేమీ ఉండదు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన గాలికుంటు టీకాల పథకంలో ప్రతి పశువు చెవికీ 12 అంకెల పోగు వేస్తున్నారు కదా. ఆ నంబరు, అమ్మినవాడి పేరు, ఊరు రశీదు మీద రాస్తే చాలు. నంబరు కొట్టి చూస్తే టీకా పడిందో లేదో కూడా పశువైద్య సిబ్బంది చెబుతారు. 2022లో లంపీ చర్మవ్యాధి తిరిగినప్పుడు చాలాచోట్ల సంతలే మూయించారు. సంత రోజున 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సు ఒకటి అక్కడ నిలబెడితే అంతదాకా రాకుండా కొంతైనా ఆపొచ్చు.

కాబట్టి వేలం నోటీసులోనే నీళ్లతొట్టి, పందిరి, దిబ్బ, పోగు నంబరుతో రశీదు, అందరికీ కనిపించేలా రేట్ల బోర్డు అని షరతులు రాయాలి. అమలు చేయకపోతే పాటదారు ధరావతు జప్తు చేయాలి. ఇన్ని షరతులు పెడితే పాట తగ్గుతుందంటారు. తగ్గనివ్వండి. ఈ బాధలు పడలేక చాలామంది ఇంటికొచ్చిన దళారికే అమ్ముకుంటున్నారు. ఒక్కడే కొనేవాడైతే వాడు చెప్పిందే రేటు. సంతలో నలుగురు అడుగుతారు. పశువులే రాకపోతే ఆ పాట ఎలాగూ పడిపోతుంది.

వరదొస్తే గోదావరి మధ్య లంకల్లో ఉండేవాళ్లకి మేత ఉండదు, గడ్డివాములు నానిపోతాయి, నాలుగు రోజుల్లో పశువుని అమ్ముకోవాల్సి వస్తుంది. అప్పుడు వాళ్లకి దిక్కు ఈ సంతే. ఈ ఏడాది పాట అయిపోయిన చోట కూడా వరదలు రాకముందే కనీసం నీళ్లతొట్టి, దిబ్బ పెట్టించమని జిల్లా పంచాయతీ అధికారులను కోరుతున్నాను.

— ఒక పాడి రైతు, రావులపాలెం మండలం, కోనసీమ జిల్లా