కాలనీ సంఘం వార్షిక నివేదిక: భజన మందిరం టేకు తలుపులు

సభ్యులందరికీ నమస్కారం.

నీళ్ల మోటారు, వీధి లైట్లు, పార్కు గేటు పనులు ఎప్పటిలాగే జరిగాయి. బిల్లులన్నీ ఆఫీసు గదిలో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు. నేను చెప్పాల్సింది ఎక్కువగా మందిరం తలుపుల గురించే.

ముందు మన తప్పు ఒప్పుకోవాలి. పోయినేడు దసరా హడావిడిలో పాత వార్నిష్ పొర మీదే, దుమ్మైనా సరిగా తుడవకుండా, మందంగా ఒకే కోటు వేయించేశాం, అదీ ఇంట్లో బీరువాలకు వేసే గట్టి రకం. మందిరం పడమటి ముఖం కాబట్టి మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా తిరుపతి ఎండంతా ఆ తలుపుల మీదే. ఎండకు చెక్క కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది, ఆ గట్టి పొర దాంతోపాటు కదల్లేక పగిలింది. కార్తీకం వానలకు పగుళ్లలోంచి నీళ్లు దిగి, కొయ్య చెక్కడాలకు పేరున్న మాధవమాల ఊరి పనివాళ్లు చెక్కిన పద్మాల చుట్టూ నల్లబడిపోయింది. చూసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమనేది.

విశాఖలో తెరచాప పడవలకు చెక్కపని చేసి వచ్చిన పెద్దాయన ఒకరు మన మూడో వీధిలో ఉన్నారు, ఆయన్ని అడిగాక దారి దొరికింది. పడవ టేకుకు స్పార్ వార్నిష్ వేస్తారట. తెరచాప కట్టే కొయ్యల కోసం వచ్చిన రకం అది, కొయ్య వంగితే తనూ వంగుతుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే మందు కూడా కలుపుతారు.

సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టాం. పాత పొర మొత్తం గీకి, 80, 120, 220 నంబర్ల ఉప్పుకాగితంతో వరసగా, చెక్క చార వెంటే రుద్దాం. నల్ల మచ్చలు ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లతో చాలావరకు పోయాయి, తరవాత మంచినీళ్లతో కడిగి బాగా ఆరబెట్టాం. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, అది పైకి ఊరితే వార్నిష్ పట్టుకోదు, అందుకే అసిటోన్‌తో తుడిచి ఆరీఆరగానే మొదటి కోటు, సగానికి సగం థిన్నర్ కలిపి. మొత్తం ఆరు కోట్లు. ఒక్కో కోటు ఒక రోజంతా ఆరాక 320తో మెత్తగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, తరవాతది. మంచు ఆరాక మొదలుపెట్టి ఎండ తలుపు మీదికి రాకముందే ఆపేవాళ్లం, వేడి చెక్క మీద వేస్తే బుడగలు లేస్తాయి. దుమ్ము తుడవడానికి రోజూ వచ్చిన పిల్లలకు ప్రత్యేకంగా థాంక్స్.

గడపకు ఎందుకు వేయలేదని కొందరు అడిగారు. రోజూ నీళ్లు, పసుపు, కాళ్ల రాపిడి పడే చోట ఏ పొరా నిలవదు. వట్టి టేకు కాస్త బూడిదరంగు తిరిగినా చెడిపోదు.

ఇకమీదట పొర లేచేదాకా ఆగం, ఏటా సంక్రాంతి తరవాత పైపైన రుద్ది రెండు కోట్లు వేస్తాం. తోరణాలకు తలుపు చట్రంలో మేకులు కొట్టొద్దు, పక్క గోడకు కొక్కేలు పెట్టించాం. ఎక్కడైనా గీత పడిందంటే ఆ రోజే చెప్పండి, మిగిలిన వార్నిష్ డబ్బా, సన్న బ్రష్ ఆఫీసు బీరువాలో కింది అరలో ఉన్నాయి.

మీ కార్యదర్శి