పుస్తకాల పేర్లు చెప్పిన అక్కకు కృతజ్ఞతలు

హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో, ఎన్టీఆర్ స్టేడియంలోని స్టాళ్ల మధ్య కలిసిన అక్కా, మీ పేరు తెలియదు, కానీ మీకు చాలా చాలా థ్యాంక్స్. పరీక్షల టెన్షన్ తీరాక హాయిగా చదువుకోడానికి ఏదైనా చెప్పమంటే, 1891లో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘వడ్లగింజలు’ చదవమన్నారు. చదరంగం మీద ఇంత ఉత్కంఠగా కథ రాయొచ్చా! పెద్దాపురం రాజుగారి ముందు ఎత్తు మీద ఎత్తు పడుతుంటే, అన్నం చల్లారిపోతున్నా లేవబుద్ధి కాలేదు. సంభాషణలు పైకి చదువుకోమన్నారు చూడండి, అదీ అసలు సలహా. గోదావరి మాట చెవిలో పడ్డట్టే ఉంది. మీరు చెప్పిన రెండోది, నామిని ‘పచ్చనాకు సాక్షిగా’, ఇప్పుడు అమ్మ చేతిలో ఉంది. ఆ చిత్తూరు యాస ఆమెకు తెగ నచ్చింది. ఇది మీ కంట పడితే, తర్వాత ఏం చదవాలో చెప్పండక్కా.