పద్దెనిమిదేళ్ల మెయిళ్లు కొత్త లాప్‌టాప్‌లోకి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. పాత డెస్క్‌టాప్‌లో విండోస్ 7 మీద ఔట్‌లుక్ 2010 అనే మెయిల్ ప్రోగ్రామ్, కొత్త లాప్‌టాప్‌లో థండర్‌బర్డ్ అనే ఇంకోటి, మధ్యలో పద్దెనిమిదేళ్ల మెయిళ్లు. "ఫైలు కాపీ కొట్టేస్తే సరిపోదా" అన్నావు. సరిపోదు రా. ఎందుకో ముందు చెప్తాను. అది తెలిస్తే మధ్యలో ఎక్కడ ఆగినా నీకే దారి తోస్తుంది.

మెయిల్ అంటే ఉత్త టెక్స్ట్. పైన ఎవరి నుంచి, ఎవరికి, ఏ తేదీ అనే వరుసలు, తర్వాత ఒక ఖాళీ వరుస, దాని కింద విషయం. అటాచ్‌మెంట్ కూడా అక్షరాలుగా మారి అందులోనే ఉంటుంది. ప్రయాణంలో ఇది అందరికీ ఒకటే, ఇంటికి వచ్చాక దాచే డబ్బాలే వేరు. ఔట్‌లుక్ దాన్ని విడదీసి, ఫోల్డర్లన్నిటితో కలిపి ఒకే పీఎస్‌టీ ఫైల్లో తన పద్ధతిలో కూరుతుంది. థండర్‌బర్డ్ ఫోల్డర్‌కి ఒక ఎంబాక్స్ ఫైలు పెట్టి, మెయిళ్లను ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోతుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో కూడా చదువుకోవచ్చు. కాబట్టి నువ్వు మార్చాల్సింది డబ్బాని. ఆ పని ఔట్‌లుక్ ఇంకా నడుస్తున్న పాత కంప్యూటర్ మీదే చెయ్యి, లాప్‌టాప్‌కి తెచ్చాక తిప్పలు పడకు.

ముందు నీ మెయిళ్లు అసలు ఎక్కడున్నాయో తేల్చుకో. ఔట్‌లుక్‌లో ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డేటా ఫైల్స్ ట్యాబ్ తెరువు. అక్కడ ప్రతి ఫైలుకీ పూర్తి దారి కనిపిస్తుంది. చివర ఓఎస్‌టీ అని ఉంటే అది సర్వర్లో ఉన్నవాటి నకలు మాత్రమే. దాన్ని వేరే కంప్యూటర్లో పెట్టి తెరుద్దామంటే తెరుచుకోదు, ఆ మెయిళ్లు సర్వర్ నుంచే దించుకోవాలి. పీఎస్‌టీ అని ఉంటే మెయిళ్లు నిజంగా నీ డిస్క్‌లోనే ఉన్నట్టు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఔట్‌లుక్‌లో ఆటో ఆర్కైవ్ నడిచి ఉంటే పాత మెయిళ్లన్నీ చడీచప్పుడు లేకుండా ఆర్కైవ్ అనే ఇంకో పీఎస్‌టీలోకి జరిగిపోయి ఉంటాయి. ఆ ఫైలు జాబితాలో లేకపోయినా డిస్క్‌లో ఉండొచ్చు. సీ డ్రైవ్ మొత్తం పీఎస్‌టీ అని వెతికించు. దొరికిన ప్రతిదాన్నీ ఔట్‌లుక్‌లో తెరిచి ఎడమ పక్క కనిపించేలా చేసుకో. 2003కి ముందు ఔట్‌లుక్‌లో పుట్టిన ఫైలు ఏదైనా ఉంటే దాని హద్దు 2 జీబీ. ఆ హద్దు దగ్గరికి చేరిన ఫైలు పాడవడం మామూలే, దాన్ని ఆఫీస్ ప్రోగ్రామ్ ఫోల్డర్లో ఉండే స్కాన్‌పీఎస్‌టీ అనే చిన్న ప్రోగ్రామ్‌తో బాగుచేయించు, అదీ నకలు తీశాకే.

ఆ నకలు ఎలా తియ్యాలంటే, ఔట్‌లుక్ మూసెయ్యి, టాస్క్ మేనేజర్లో కూడా లేదని చూసుకో, తర్వాత కాపీ కొట్టు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. పెన్‌డ్రైవ్‌లో ఎంత జాగా ఉన్నా ఎక్కదు. అందులో ఉన్నవి వేరే చోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చెయ్యి.

ఇప్పుడు పాత కంప్యూటర్లోనే థండర్‌బర్డ్ వెయ్యి. విండోస్ 7 మీద నడిచే ఆఖరి వరస 115, దాని కంటే కొత్తది ఎక్కదు. ఇంకో మెలిక ఉంది: నీ ఔట్‌లుక్ 32 బిట్ అయితే థండర్‌బర్డ్ కూడా 32 బిట్టే వెయ్యాలి, 64కి 64. జోడీ కుదరకపోతే ఇంపోర్ట్, అంటే ఔట్‌లుక్ మెయిళ్లను థండర్‌బర్డ్‌లోకి తెచ్చుకునే పని, మొండికేస్తుంది. నీది ఏదో ఔట్‌లుక్‌లో ఫైల్, హెల్ప్ పేజీలో వెర్షన్ పక్కనే రాసి ఉంటుంది. విండోస్‌లో డిఫాల్ట్ మెయిల్ ప్రోగ్రామ్‌గా ఔట్‌లుక్‌నే ఉంచి, థండర్‌బర్డ్‌లో టూల్స్, ఇంపోర్ట్‌లోకి వెళ్లి ఔట్‌లుక్ ఎంచుకో. మెయిళ్లన్నీ లోకల్ ఫోల్డర్స్ కింద చేరతాయి. ఆర్కైవ్‌లోవి వచ్చాయో లేదో అక్కడే చూడు. రాకపోతే ఔట్‌లుక్‌లో వాటిని అసలు ఫైల్లోకి కాపీ చేసి మళ్లీ ఇంపోర్ట్ చెయ్యి.

తర్వాతది తేలిక. థండర్‌బర్డ్‌లో హెల్ప్, ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్‌కి బటన్ ఉంటుంది. అందులో మెయిల్, దాని లోపల లోకల్ ఫోల్డర్స్. థండర్‌బర్డ్ మూసేసి అందులోని ఫైళ్లు పెన్‌డ్రైవ్‌కి ఎక్కించు. లాప్‌టాప్‌లో థండర్‌బర్డ్ ఒకసారి తెరిచి, మూసి, అదే చోట పెట్టు. ఆఫీస్ అనే ఫోల్డర్ ఉందనుకో, అక్కడ మూడు కనిపిస్తాయి: వెనక ఏ తోకా లేని ఆఫీస్ అనే ఫైలు, ఎంఎస్‌ఎఫ్ తోకతో ఇంకో చిన్న ఫైలు, ఎస్‌బీడీ తోకతో ఒక ఫోల్డర్. మెయిళ్లున్నది మొదటిదాంట్లో. ఎంఎస్‌ఎఫ్ వట్టి విషయసూచిక, తెచ్చుకోకపోయినా థండర్‌బర్డ్ మళ్లీ రాసుకుంటుంది. ఎస్‌బీడీలో లోపలి ఫోల్డర్లుంటాయి. పక్కన మొదటి ఫైలు లేకుండా ఎస్‌బీడీ ఒక్కటే పెడితే లోపలివేవీ కనిపించవు. లాప్‌టాప్‌లో అదే పేరుతో ఫైలు ముందే ఉంటే దాని మీద రుద్దెయ్యకు, నువ్వు తెచ్చినదాని పేరు మార్చి పెట్టు.

జీమెయిల్ ఖాతాని ఐమ్యాప్‌తో (మెయిళ్లను సర్వర్లోనే ఉంచి చూపించే పద్ధతి) రెండు వైపులా కలిపి, ఔట్‌లుక్ నుంచి ఫోల్డర్లను అందులోకి లాగెయ్యమని ఎవరైనా చెప్తారు. చిన్న మూటకి నిక్షేపంలా పనిచేస్తుంది. నీ మూట పెద్దది. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో డ్రైవ్, ఫొటోలు కూడా పంచుకుంటాయి. ఐమ్యాప్ ద్వారా రోజుకి 500 ఎంబీ కంటే ఎక్కించనివ్వదు కూడా. మధ్యలో తెగితే ఎంతవరకు వెళ్లిందో తెలియక మళ్లీ లాగుతావు, అన్నీ రెండేసి అవుతాయి.

అయ్యాక లెక్క చూడటం మాత్రం మానకు రా. ఔట్‌లుక్‌లో ఫోల్డర్ మీద నొక్కితే కింద ఎడమ మూల ఎన్ని ఉన్నాయో చూపిస్తుంది, థండర్‌బర్డ్‌లో ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ఉంటుంది. ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకో. నాలుగైదు తగ్గితే అవి మీటింగ్ పిలుపుల్లాంటివి అయ్యుండొచ్చు. వందల్లో తగ్గితే ఆ ఫోల్డర్ మళ్లీ తేవాల్సిందే. ఒకటీ రెండూ పెరిగితే కారణం వేరు. ఎంబాక్స్‌లో ప్రతి మెయిలూ ఫ్రమ్ అనే ఇంగ్లీషు మాట, దాని వెనక ఖాళీ ఉన్న వరుసతో మొదలవుతుంది. ఎవరో రాసిన మెయిల్ మధ్యలో ఒక వరుస అదే మాటతో మొదలైతే, మార్చే ప్రోగ్రామ్ దాని ముందు గుర్తు పెట్టాలి. పెట్టకపోతే మెయిల్ అక్కడికక్కడే రెండు ముక్కలవుతుంది. పంపినవారి పేరు లేని ముక్క కనిపిస్తే దాని పైనున్న మెయిల్ తెరిచి చూడు, సగంలో ఆగి ఉంటుంది.

మీ నాన్నగారు తెలుగులో రాసిన మెయిళ్లు పోతాయేమోనని బెంగపడ్డావు కదా. అవి తెరిచినప్పుడు తల మీద గీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ ఏ, మళ్లీ గుర్తు ఇలా వరసగా కనిపిస్తే భయపడకు. యూనికోడ్ తెలుగు క్షేమంగా ఉంది, చదివే పద్ధతే తప్పింది. వ్యూ మెనూలో రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్ నొక్కు. అక్షరాల చోట వరసగా ప్రశ్న గుర్తులుంటే మాత్రం ఆ నకల్లో తెలుగు పోయినట్టే. వెంటనే పాత కంప్యూటర్లో అసలు మెయిల్ తెరిచి చూసుకో. అడ్రస్ బుక్ విడిగా సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన టెక్స్ట్ పట్టికగా, తెచ్చుకుంటావు కాబట్టి అక్కడా ఇదే ప్రమాదం. లాప్‌టాప్‌లోకి తీసుకునే ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి తెలుగు పేర్లు చూడు.

డెస్క్‌టాప్ మీ బావకి ఇచ్చేస్తానన్నావు. ఒక్క నెల ఆగమను, కావాలంటే నేను చెప్తాను. ఆదివారం మొదలుపెట్టే ముందు డేటా ఫైల్స్ జాబితాలో ఎన్ని ఉన్నాయో, ఒక్కోటీ ఎన్ని జీబీలో నాకు రాసి పంపు. పిన్నిని అడిగానని చెప్పు.

నీ
రవి