మోటివేషన్ క్లాసు కాదండీ, చెప్పుకునే చోటు కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఉద్యోగులు ఇంటి సమస్యలు నెత్తిన వేసుకుని పనిలో వెనకబడుతున్నారు, నెలకో మోటివేషన్ క్లాసు పెట్టిస్తే దారిలో పడతారు అని ఈమధ్య ఒకాయన మీ పేపర్‌కి రాశారు, చదివి ఊరుకుందామనుకున్నా గానీ మనసొప్పక రాస్తున్నా. నా ఉద్యోగం పేరు సక్సెస్ కోచ్. పేరు వినగానే స్టేజి ఎక్కి చప్పట్లు కొట్టించే పని అనుకుంటారు అందరూ, మా ఇంట్లోవాళ్ళు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు లెండి. నేను చేసేదల్లా కంపెనీలో ఒక చిన్న గదిలో కూర్చుని వచ్చిన ఉద్యోగులు చెప్పేది వినడం, తర్వాత ఏం చెయ్యొచ్చో వాళ్ళతో కలిసి చూడడం.

ఒకామె రోజూ పదిహేను ఇరవై నిమిషాలు లేటు. మూడు మెమోలు అయ్యాయి, ఇంకోటి పడితే ఇంటికే. పని మీద శ్రద్ధ లేదు అని సూపర్‌వైజర్ తేల్చేశాడు. కూర్చోబెట్టి అడిగితే తెలిసిందేంటంటే పిల్లాడి స్కూల్ బస్సు టైమూ ఈమె షిఫ్ట్ టైమూ ఒకటే, అంతకుముందు బస్సు ఎక్కించే అత్తగారు మంచాన పడ్డారు. షిఫ్ట్ అరగంట వెనక్కి జరిపించాం, సాయంత్రం అరగంట ఎక్కువుంటుంది, అంతే, అయిపోయింది. మరి ఆ ముక్క సూపర్‌వైజర్‌కే చెప్పొచ్చుగా అంటారేమో, ఇంటి గోల ఇక్కడికి తేవద్దు అని ఆయన ఎప్పుడో అందరి ముందూ ఇంకెవరినో కసిరాడట, ఈమెని కాదు, అయినా ఈమె నోరు మూతపడింది.

ఇంకొకతనికి జీతం పడిన రెండో రోజే అకౌంట్ ఖాళీ. లోన్ యాప్‌లు, చేబదుళ్ళు, ఒకటి తీర్చడానికి ఇంకోటి, మొత్తం ఎంతో అతనికే తెలీదు, లెక్కేసుకోవాలంటే భయం. ఎవరికెంత, వడ్డీ ఎంత, గడువెప్పుడు అని ఒక కాగితం మీద రాశాం, రాయడానికే రెండుసార్లు కూర్చోవాల్సొచ్చింది. ఎక్కువ వడ్డీది ముందు తీర్చాలి, మిగతావాటికి కనీసం కట్టాల్సింది కట్టుకుంటూ పోవాలి, ఒకచోట గడువు పెంచమని అడగాలి. ఆ ఫోన్ అతనే చేశాడు, నేను పక్కన కూర్చున్నా. నేను చేసి పెడితే రెండోసారి కూడా నేనే చెయ్యాలి కదా.

ఇవేవీ గొప్ప పనులు కావు, ఎవరైనా చెయ్యొచ్చు. కష్టమంతా వాళ్ళు గది తలుపు తోసుకుని లోపలికి రావడంలోనే ఉంది. వచ్చిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒకటే, ఇది హెచ్ఆర్‌కి తెలుస్తుందా అని. నేను కంపెనీకి ఇచ్చేది ఈ నెల ఎంతమంది వచ్చారు, అప్పులా ఆరోగ్యమా పిల్లల సంగతా అన్న లెక్క మాత్రమే, పేర్లు ఇవ్వను. ప్రాణం మీదకి వచ్చే విషయమైతే మాత్రం దాచలేను, ఆ మాట మొదటి రోజే చెప్పేస్తా. "వాడి ప్రాబ్లం ఏంటట" అని ఒక మేనేజర్ కాఫీ తాగుతూ చాలా మామూలుగా అడిగాడు, చెప్పనన్నందుకు కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. ఉంటే ఉన్నాడు, ఒక్కరి విషయం బయటికి పొక్కితే ఆ గదికి ఇంకెవరూ రారు. కోచ్‌కి అప్రైజల్ రాసేది హెచ్ఆరే అయితే ఈ గుట్టు ఎన్నాళ్ళు నిలుస్తుందో మీరే ఆలోచించండి.

డిప్రెషన్, ఆందోళనల వల్ల ప్రపంచం మొత్తమ్మీద ఏటా 1200 కోట్ల పనిదినాలు, లక్ష కోట్ల డాలర్లు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) కలిసి 2022లో చెప్పాయి. అది చూపించి చాలా కంపెనీలు గోడ మీద హెల్ప్‌లైన్ నంబర్ అంటించి చేతులు దులుపుకుంటున్నాయి. నంబర్ తప్పని అనను, డాక్టర్ చూడాల్సిన కేసు డాక్టరే చూడాలి, నేను డాక్టర్ని కాదు, అలాంటివాళ్ళని నేనే పంపిస్తా. కానీ కాపురంలో దెబ్బలు తింటున్న మనిషి క్యాంటీన్ గోడ దగ్గర నిలబడి అందరూ చూస్తుండగా నంబర్ ఎక్కించుకుంటుందా? 2019లో ఐఎల్ఓ చేసిన 190వ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో గృహహింస ప్రభావం పని మీద కూడా పడుతుందని గుర్తించారు, దానితో వచ్చిన సిఫార్సులో సెలవు, పనివేళల్లో సడలింపు లాంటివి ఉన్నాయి. ఇలాంటివి ఉన్నాయని అవసరమున్నవాళ్ళకే తెలీదు.

చిన్న కంపెనీలు మాకంత స్తోమత లేదంటాయి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో చిన్నాచితకా కంపెనీలు కొన్ని కలిసి ఒకే కోచ్‌ని పంచుకుంటున్నాయి, ఖర్చు కూడా పంచుకుంటున్నాయి. నాకైతే దీన్లో ఇంకో లాభం కనిపిస్తుంది, అలాంటి కోచ్ ఏ ఒక్క కంపెనీ మనిషీ కాదు.

కాబట్టి ఆ పాఠకుడు గారికి నా మనవి, క్లాసు పెట్టించే డబ్బుతో ముందు తలుపున్న గది ఒకటి చూడండి, అద్దాల గది వద్దు. అప్పుల కాగితం అతను ఇంకా జీతం రోజున వస్తూనే ఉన్నాడు, రెండు బాకీలు మిగిలాయి, కాగితం మడతల దగ్గర చిరిగితే టేపు వేసుకొచ్చాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక సక్సెస్ కోచ్