కొరిప్పో పేరు పోనివ్వకండి: వెర్జాస్కా మేయర్ గారికి బహిరంగ లేఖ

మేయర్ గారూ, నమస్కారం.

స్విట్జర్లాండ్‌లో ఉంటున్న తెలుగువాడిని, మీ వెర్జాస్కా లోయకి చుట్టపుచూపుగా వచ్చేవాడినే, అయినా అక్కడి కొరిప్పో అనే చిన్న ఊరి గురించి రాయకుండా ఉండలేకపోయాను. కొండవాలు మీద ఒకదాన్ని ఒకటి పట్టుకుని నిలబడ్డట్టున్న రాతి ఇళ్లు, పైకప్పులు కూడా రాతి పలకలే, మధ్యలో చర్చి గంటగోపురం. 19వ శతాబ్దంలో దాదాపు 300 మంది ఉన్న ఊరు. పని కోసం జనం వెళ్లిపోతూ వెళ్లిపోతూ చివరికి పది మంది దాకా మిగిలారు, దేశంలోనే అతి చిన్న మున్సిపాలిటీ అని పేరొచ్చింది.

2020 అక్టోబర్ 18న కొరిప్పో, కొత్తగా ఏర్పడ్డ వెర్జాస్కా మున్సిపాలిటీలో కలిసింది. అది తప్పు అనను. పది మందిలోంచే పాలకులు రావాలి, లెక్కలు వాళ్లే చూడాలి అంటే ఎన్నాళ్లని మోస్తారు? 2022లో పాత ఇళ్లనే గదులుగా మార్చి హోటల్ తెరవడం కూడా మంచి పనే, ఖాళీ ఇల్లు కూలిపోవడం కంటే అందులో దీపం వెలగడం నయం.

నా టెన్షన్ వేరే. స్విస్ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు కాదు, వంశం ఏ ఊరిదో అది రాస్తారు. మున్సిపాలిటీ వేరేదాంట్లో కలిసిపోతే పాస్‌పోర్టులో ఆ పాత ఊరి పేరు బదులు సాధారణంగా కొత్త మున్సిపాలిటీ పేరు వచ్చేస్తుంది. అందుకే అడుగుతున్నా: కొరిప్పో పాత రికార్డులు, ఊరి సమావేశాల మినిట్స్ పుస్తకాలు లోయలోనే ఉంచండి, ఎవరైనా వచ్చి తాతముత్తాతల పేర్లు వెతుక్కునేలా. ఇంకా ముఖ్యంగా, అక్కడ ఉంటున్న ఆ కొద్దిమందినీ ఏడాదికోసారైనా వాళ్ల ఊళ్లోనే కూర్చోబెట్టి, ఏం కావాలో మీరే స్వయంగా అడగండి.