ఆ ఒక్క నిమిషం నాకిచ్చిన అక్కకు

అందరికీ నమస్కారం. పోటీ నిన్న అయిపోయింది. అరచేతుల్లో తోలు లేచిపోయి మండుతోంది, కుర్చీలోంచి లేవాలంటే తొడలు మాట వినడం లేదు. అయినా ఇప్పుడే రాస్తున్నాను. రెండు రోజులు ఆగితే కాస్త తేరుకుని పద్ధతిగా రాస్తానేమో, కానీ ఇప్పుడు లోపల ఉన్నది అప్పటికి ఇలా ఉండదు.

నలభై దాటినవాళ్ల విభాగంలో నా మొదటి పవర్‌లిఫ్టింగ్ పోటీ ఇది. స్క్వాట్ (బార్, అంటే బరువుల కడ్డీ, భుజాల మీద పెట్టుకుని కిందికి దిగి లేవడం) 65, బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకుని బార్‌ను ఛాతీ మీంచి పైకి నెట్టడం) 40, డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బార్ ఎత్తి నిటారుగా నిలబడటం) 100. మొత్తం 205 కిలోలు. పతకం రాలేదు. నిన్నటి నుంచి శుభాకాంక్షలు పంపుతున్న మీ అందరికీ పేరుపేరునా థాంక్స్. అందరూ ఆ వంద కిలోల వీడియోనే చూస్తున్నారు, దాని గురించే మాట్లాడుతున్నారు. నేను చెప్పాలనుకుంటున్నది మాత్రం ఆ 65 గురించి. అది లేకపోతే వంద దాకా వెళ్లేదాన్నే కాదు. అది నిలబడింది ఒక పెద్దావిడ వల్ల. నిన్న ఉదయం వరకు ఆవిడెవరో నాకు తెలియదు. పేరు రాయొద్దని ఖచ్చితంగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. అక్క అనే అంటాను, అలాగే పిలవమన్నారు.

ఈ పోటీలు చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్ ఒక్కోదానికి మూడేసి అవకాశాలు ఉంటాయి. ముగ్గురు జడ్జీలు కూర్చుంటారు, ఎదురుగా ఒకరు, రెండు పక్కలా ఇద్దరు. కనీసం ఇద్దరు తెల్ల లైటు వేస్తేనే లిఫ్ట్ లెక్కలోకి వస్తుంది. స్క్వాట్‌లో తుంటి దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి. ఒక్క వేలు తక్కువైనా ఎర్ర లైటే. మూడుసార్లూ ఎర్ర లైట్లు పడితే మొత్తం లెక్కలోంచి పేరు పోతుంది. తర్వాత ఎంత డెడ్‌లిఫ్ట్ చేసినా టోటల్ ఉండదు. ఇంకొక్కటి, ఇదే ముఖ్యం. ఒక లిఫ్ట్ అయిన వెంటనే, ఒక్క నిమిషంలోపు తర్వాతి బరువు ఎంతో టేబుల్ దగ్గర చెప్పాలి. చెప్పకపోతే, లిఫ్ట్ పాసైతే 2.5 కిలోలు మాత్రం వాళ్లే కలిపేస్తారు, ఫెయిలైతే అదే బరువు మళ్లీ ఇస్తారు. స్క్వాట్ మూడో అవకాశానికి ఒకసారి బరువు ఖాయమైతే ఇక మార్చడం ఉండదు.

నాకు మొదటిసారి ఎర్ర లైట్లు, రెండోసారీ ఎర్ర లైట్లు. బరువు బాగానే లేచింది, లోతు చాలలేదు. జిమ్‌లో ఎప్పుడూ ఎదురుగా అద్దం ఉంటుంది. వేదిక మీద జడ్జి, ఆయన వెనక జనం, పైన దీపాలు. ఎంత దిగానో నాకేమీ తెలియలేదు. పైగా నా నడుము సంగతి మీలో చాలామందికి తెలుసు. నడుము కిందిభాగంలో ఎల్4-ఎల్5 అనే వెన్నుపూసల మధ్య డిస్క్ జారి, మంచంలోంచి లేవడానికి కూడా మనిషి సాయం కావలసి వచ్చిన రోజులు చూశాను. అప్పటినుంచి బార్ భుజాల మీదకు వచ్చినప్పుడల్లా నడుము ముందే భయపడిపోతుంది. రెండోసారి దిగి వచ్చి, వార్మప్ గదిలో గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. బెల్ట్ కూడా విప్పలేదు. చేతులు వణుకుతున్నాయి. పక్కన ఎవరూ లేరు.

అప్పుడు వచ్చారు అక్క. అరవై దాటినవాళ్ల విభాగం ఆవిడది, కానీ ఆడవాళ్లు తక్కువమందే కాబట్టి అందరినీ ఒకే గ్రూపులో కలిపారు. ఆవిడ అప్పుడే తన రెండో స్క్వాట్ పూర్తిచేసి, చెమటలు కక్కుతూ వేదిక దిగి నేరుగా నా దగ్గరికి వచ్చారు. ముందు నా బెల్ట్ వదులు చేశారు.

"ఊపిరి తీసుకో అమ్మా ముందు. బరువు ఎక్కువైందా, లోతు చాలలేదా?"

"లోతు" అన్నాను.

"అయితే దిగులెందుకు? నేను చూశాగా, హాయిగా లేచావు. ఇంకో రెండు వేళ్లు దిగాలి, అంతే. నడుము భయమా?"

నేనేమీ చెప్పలేదు. బార్ కిందికి వెళ్లే ముందు ప్రతిసారీ చెయ్యి నడుము మీద వేసుకుంటున్నానట, అది గమనించారు. ఆవిడ తన అరచెయ్యి నా నడుము మీద, రెండోది పొట్ట మీద పెట్టారు. "పొట్ట నిండా గాలి తీసుకో. నా రెండు చేతుల్నీ బయటికి నెట్టు. ఇంకా నెట్టు. ఆ, ఇదే. ఇది పట్టుకుని దిగితే నీ నడుముకు ఏమీ కాదు" అన్నారు. శ్వాస బిగబట్టి పొట్ట, నడుము చుట్టూ కండరాలు గట్టి చేసుకోవడం గురించి నేను ఎన్నో వీడియోలు చూశాను, చదివాను. లోపల ఒత్తిడి పెరిగి వెన్నుకు అన్నివైపులా ఆసరా దొరుకుతుందని నోటితో చెప్పగలను. కానీ ఆ రెండు చేతుల మధ్య అది మొదటిసారి నా ఒంటికి తెలిసింది. ఏడుపు వచ్చేసింది. ఆవిడ ఏడవొద్దనలేదు. తన తువ్వాలు ఇచ్చి, "తుడుచుకుని రా. నేను పక్కన నిలబడతా. నేను 'లే' అనేదాకా లేవకు. లైట్ల సంగతి ఆలోచించకు, నా గొంతు విను" అన్నారు.

మూడోసారి దిగుతుంటే ఆ హాల్లో ఇంకే శబ్దమూ వినపడలేదు నాకు. కిందికి, ఇంకా కిందికి, ఇక నా వల్ల కాదనుకునే చోట "లే!" అని అరిచారు అక్క. లేచాను. మూడూ తెల్ల లైట్లు. ఇంకో ఇద్దరు లిఫ్టర్ల తర్వాత ఆవిడ మూడో స్క్వాట్ ఉంది. విశ్రాంతి తీసుకుని బెల్ట్ బిగించుకోవలసిన సమయంలో నా పక్కన నిలబడి గొంతు చించుకున్నారు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. రాత్రి మన గ్రూప్‌లో స్కోర్‌బోర్డ్ ఫొటోలు పెట్టినప్పుడు ఒకరు అడిగారు, "ఆ పెద్దావిడ 72.5 అంత సులువుగా చేసి, మూడోసారి 75కే ఎందుకు ఆగిపోయారు?" అని. అప్పుడు నా గుండె ఝల్లుమంది. ఆవిడ రెండో లిఫ్ట్ అయ్యాక టేబుల్ దగ్గరికి వెళ్లలేదు. వెళ్లాల్సిన ఆ ఒక్క నిమిషంలో నా బెల్ట్ విప్పుతున్నారు. నా నడుము మీద చెయ్యి పెట్టి ఊపిరి నేర్పుతున్నారు. నాది ఫెయిలైన లిఫ్ట్ కాబట్టి అదే 65 దానంతట అదే వచ్చింది, నాకు నష్టమేమీ లేదు. నష్టపోయింది ఆవిడ. వేదిక దగ్గర ఒకరు రాసిచ్చిన నంబరుకు రాత్రి ఫోన్ చేశాను. చాలాసేపు మాట దాటేసి, చివరికి చెప్పారు. ఎనభై చేద్దామనే వచ్చారట. చాలా కాలంగా ఆ ఎనభై కోసమే ప్రాక్టీస్ చేస్తున్నారట. నాకు నోట మాట రాలేదు. "ఎనభై ఎక్కడికి పోతుందమ్మా, వచ్చే పోటీలో ఎత్తుకుంటా. నువ్వు అలా గోడ పక్కన కూర్చుని ఉంటే నేను టేబుల్ దగ్గరికి ఎలా వెళ్తాను?" అన్నారు. ఇది రాస్తుంటే మళ్లీ కళ్లు నిండుతున్నాయి. అక్కా, మీరు ఇది చదువుతారో లేదో. మీ ఎనభై రోజున మీ బెల్ట్ నేను బిగిస్తాను. ఎక్కడ జరిగినా వస్తాను.

ఇది కూడా చెప్పకుండా ఉండలేను. అసలు ఆ గోడ పక్కన నేను ఒంటరిగా ఎందుకు ఉన్నాను? నాతో వచ్చిన ఫ్రెండ్‌ని వార్మప్ గదిలోకి రానివ్వలేదు. పక్కన ఉండి చూసుకునే మనిషికి పాస్ కావాలి. క్లబ్బుల తరఫున వచ్చినవాళ్లకే పాస్‌లు ఇచ్చారు. సొంతంగా పేరు ఇచ్చుకున్నవాళ్లకు లేవట. తన లిఫ్ట్‌లు తానే చేసుకుంటూ, బరువులు తానే లెక్క చూసుకుంటూ, నిమిషంలోపు టేబుల్ దగ్గరికి పరుగెత్తడం మొదటిసారి వచ్చినవాళ్లకు ఎలా సాధ్యం? మగవాళ్ల వార్మప్‌కు ర్యాకులు, అంటే బార్ పెట్టుకునే స్టాండ్లు, వరసగా ఉన్నాయి. మా ఆడవాళ్లందరికీ కలిపి ఒక్కటి. ఒలింపిక్స్‌లో మగవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ 1896లోనే ఉంది. ఆడవాళ్లకు తలుపు తెరిచింది 2000లో, సిడ్నీలో. ఆ మొదటిసారే మన కరణం మల్లీశ్వరి గారు 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చారు. ఆ తర్వాత ఇన్నేళ్లకు కూడా ఇంకో ర్యాక్ కోసం అడుక్కోవాలా? నిర్వాహకులు చెడ్డవాళ్లని అనడం లేదు, వాళ్లూ తెల్లవారుజాము నుంచి నిలబడే ఉన్నారు. కానీ ఆలోచించాల్సినవాళ్లు ఆలోచించలేదు.

ఆ మాటకొస్తే ఆసుపత్రుల్లో కూడా అంతే. నడుము నొప్పితో వెళ్తే "ఇక జీవితంలో బరువులు ఎత్తొద్దు, బకెట్ కూడా ఎత్తొద్దు" అని ఒక్క వాక్యం చెప్పి పంపించేశారు. ఎంతకాలం ఎత్తకూడదు, మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏమీ లేదు. పెద్దవాళ్లందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో స్పష్టంగా ఉంది. కదలడం మానేసినకొద్దీ నా నొప్పి పెరిగింది. భయం అంతకంటే ఎక్కువ పెరిగింది. నాలాగే ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఇంట్లో కూర్చున్న ఆడవాళ్లు ఎంతమంది ఉంటారో తలచుకుంటే కోపం వస్తుంది. అందరి నడుమూ ఒకటి కాదు, నన్ను చూసి ఎవరూ రేపే బార్ పట్టుకోవద్దు. నన్ను ఖాళీ కర్రతో మొదలుపెట్టించిన ఫిజియోథెరపిస్ట్ లాంటివాళ్లు అందరికీ దొరకాలన్నదే నా బాధ.

ఇక జిమ్‌లో మన పొద్దుటి బ్యాచ్ గురించి. మీకు థాంక్స్ చెబితే తిడతారని తెలుసు, అయినా చెబుతాను. బెంచ్ ప్రెస్ 30 దగ్గర నేను ఆగిపోయినప్పుడు మా జిమ్‌లో 2.5 కంటే చిన్న ప్లేట్లు లేవు. రెండు పక్కలా వేస్తే ఒకేసారి 5 కిలోలు పెరుగుతుంది. వంద కిలోల బెంచ్ చేసేవాళ్లకు అది వందకు ఐదు. ముప్ఫై చేసేదానికి ఆరో వంతు. ఎలా లేస్తుంది? ఎంత అడిగినా జిమ్‌వాళ్లు తెప్పించలేదు. మనలో ఒకరు సొంతంగా అరకిలో ప్లేట్లు కొన్ని జతలు కొని, ఏమీ చెప్పకుండా నా బ్యాగులో పెట్టారు. కిలో కిలో చొప్పున 40 దాకా వచ్చాను. మొదట్లో చకచకా పెరిగిన బరువులు తర్వాత ఆగిపోయి నేను ఢీలా పడితే, మొదటి వారాల్లో ఎక్కువగా పెరిగేది కండ కాదని, ఉన్న కండను వాడుకోవడం నరాలు నేర్చుకుంటాయని, అసలు కండ పెరగడానికి నెలలు పడుతుందని ఓపిగ్గా చెప్పినవాళ్లు మీరే. మంచి రోజున మెచ్చుకోవడం ఎవరైనా చేస్తారు. బార్ కదలని రోజున కూడా నా వీడియో ఆపి ఆపి చూసి, "మడమలు లేస్తున్నాయి, రేపు అది చూద్దాం" అని రాసేవాళ్లు. ఆ "చూద్దాం" అనే మాట నన్ను చాలా దూరం తీసుకొచ్చింది.

మా ఆయన, పిల్లలు, అత్తయ్య, అందరూ చేయాల్సింది చేశారు. వాళ్లకు ఇంట్లోనే చెబుతాను.

అయ్యో, స్పాటర్లను మరిచిపోయాను! పొద్దుటినుంచి సాయంత్రం దాకా ప్లేట్లు ఎక్కిస్తూ, దించుతూ, మా బార్‌కు రెండు పక్కలా చేతులు చాచి నిలబడిన ఆ కుర్రాళ్లు. పోటీలో అందరికంటే ఎక్కువ బరువు ఎత్తింది వాళ్లే. ఒక్కరికీ చప్పట్లు పడలేదు. మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

చలికాలంలో కూడా అందరికంటే ముందే వచ్చి మన కోసం జిమ్ తలుపు తీసే వాచ్‌మన్ అన్నకు. చేతులు జారకుండా రాసుకునే చాక్ పొడి డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లిపోయిన, మొహం కూడా గుర్తులేని ఆవిడకు. అక్క నంబరు రాసిచ్చిన టేబుల్ దగ్గరి అబ్బాయికి.

ఇంకొకటి. డెడ్‌లిఫ్ట్‌కు మోకాలి కింది దాకా వచ్చే సాక్స్ లేకపోతే వేదిక మీదకు రానివ్వరు. నా జతలో ఒకటి వార్మప్‌లోనే బార్‌కు గీసుకుని చిరిగిపోయింది. జూనియర్స్‌లో ఆడిన ఒక పొడుగాటి అమ్మాయి తన దగ్గరున్న నీలం జత విప్పి ఇచ్చి, "ఉంచండి ఆంటీ" అని పరుగెత్తింది. ఆ వంద కిలోలు ఆ సాక్స్‌తోనే ఎత్తాను. రక్తం మరక పోయేలా ఉతికి ఆరేశాను. ఆ అమ్మాయి ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి, తిరిగి ఇవ్వాలి.